డప్పు కాచిన రోజు

మార్చి 4
నిద్ర పట్టకపోతే మనసులోది రాయమని బస్తీ దవాఖానా డాక్టరమ్మ చెప్పింది. నేను చదివింది నాలుగో తరగతి. రాస్తే ఫికర్ తగ్గుతుందట. చూద్దాం.

నా కొడుకు చంద్రయ్య నాచారం స్టూడియోలో పాటలకు డప్పు కొడతాడు. పిలిచిన రోజే పని. వాడు గడప దాటితే నాకు గుండె దడ. ఉప్పల్ రింగురోడ్డు మీద ఆ లారీలు, ఆ గుంతలు. జర పైలం కొడుకా, సూసి దాటు, తిన్నవో లేదో ఫోన్ జెయ్ అంటాను. అత్తమ్మ రేడియో షురూ అయిందని కోడలు రాణి నవ్వుతుంది.

మార్చి 9
నా మాటలతోనే వాడు పాట కట్టాడు. ‘జర పైలం కొడుకా’ అని. సిగ్గేసింది. బోనాలకు రికార్డు చేస్తారట. పాట నీదే, డప్పు నీదే, పేరు గూడ నీదే పడ్తది అన్నా అని స్టూడియో వంశీకృష్ణ సారు మాటిచ్చాడట. ఇన్నేళ్లు కొట్టాడు, ఒక్క పాట మీదా వాడి పేరు లేదు. ఈ ఒక్కసారి పడితే చాలు.

మార్చి 21
నేనూ స్టూడియోకు పోయాను. ఏసీ గదిలో డప్పు తోలు మెత్తబడుతుంది, మంట మీద కాస్తేనే బిగిసి మోగుతుంది. వీడు కాస్తే మాడుస్తాడని నా భయం. వాళ్ల నాయన డప్పు కూడా నేనే కాచేదాన్ని. గేటు బయట గడ్డి, అట్టముక్కలు మంటేసి కాచి కాచి ఇచ్చాను.

ఈ రోజు పాట లేదు. ఒక్కో దెబ్బ విడిగా కొట్టమన్నారు. మెల్లగా, గట్టిగా, అంచు మీద, నడుమ. పొద్దంతా అదే. మల్లవ్వా, గిట్ల కాగిన డప్పు ఏడ దొరకదు అని సారు నాకు ఛాయ్ తెప్పించాడు. ఎంత మర్యాద!

మే 2
స్టూడియో నుంచి మళ్లీ ఫోన్ రాలేదు.

మే 19
చంద్రయ్యే పోయి అడిగాడు. ఆ దెబ్బలన్నీ కంప్యూటర్లో పెట్టుకున్నారట. మీట నొక్కితే వీడి దెబ్బే పడుతుందట. అన్నా, నువ్వు దినాం మా తాననే ఉన్నవు, మల్ల పిలుసుడెందుకు అని సారు నవ్వాడట. మరి నా పాట అంటే, అయిపోయింది, మస్తు వచ్చింది అన్నాడట.

అన్నం ముట్టలేదు. పెరుగు కలిపి పెట్టాను. అదీ ముట్టలేదు.

జూన్ 2
నాచారంలోనే రేకుల కంపెనీలో చేరాడు. ప్రెస్సు మిషన్ పని. నాకు మిషన్లంటే భయం రా అన్నాను. నీకు భయం లేనిదేందమ్మా అన్నాడు.

జూన్ 30
పాట బయటికొచ్చింది. రాణి ఫోన్లో చూపించింది. సంగీతం, సారు పేరు. పాడిన పిల్ల పేరు. రాసినవాళ్ల చోట ‘జానపదం’ అని ఉంది. రాణి సారుకు ఫోన్ చేసి గట్టిగా అడిగింది. అవ్వ మాటలే గద అక్కా, అవ్వలందరు గట్లనే అంటరు అన్నాడట.

జూలై 14
కుడి చెయ్యి. మూడు వేళ్లు పోయాయి.

తోటి పనివాడు మొగిలయ్య చెప్పాడు. బోనాల డీజే బండి కంపెనీ గేటు ముందు ఆగిందట. అదే పాట. గిది నా దెబ్బనే అనుకుంట తల తిప్పిండవ్వా, మిషన్ ఆగదు గద అని ఏడ్చాడు.

పొద్దున వాడికి పైలం చెప్పానా? చెప్పాను.

జూలై 17, దవాఖానా
పక్క మంచం ఆమె నన్ను ఓదారుస్తూ ఫోన్లో అదే పాట పెట్టింది. పిల్లల్ని పనికి తోలేటప్పుడు గిట్ల జెప్పాలె అవ్వా అంది.

ఆ పాటలో, ఆ రోజు నేను కాచిన డప్పు ఇంకా చల్లబడలేదు.