పనిచేసే చేయి

మార్చి 3
పార్ట్ టూ సినిమా వాళ్ళు ఫోన్ చేశారు. మొదటి పార్ట్‌లో బ్యాంకు దోచేసిన మెజీషియన్ల గ్యాంగ్ ఈసారి మ్యూజియం మీద పడుతుందట. మొహం హీరోది, క్లోజప్‌లో చేతులు నావి. ఈసారి కట్ లేకుండా ఒకే షాట్ అన్నాడు డైరెక్టర్. గార్డు మణికట్టు మీంచి వాచీ కొట్టేయాలి. ఓస్ అంతేనా అన్నాను.

నా కుడి చేయి నాలుగు నెలలుగా వణుకుతోంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మార్చి 4
మా ఆవిడకీ చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళు మ్యాజిక్ స్టేజీ మీద నా అసిస్టెంట్. అసిస్టెంట్‌కి ఒకటే రూలు, పనిచేసే చేతి వైపు చూడకూడదు. తను చూస్తే హాలంతా చూస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చూసింది. పావురం గుట్టు రట్టయింది. వారం రోజులు మాట్లాడలేదు నేను. ఎంత పొగరో అప్పట్లో! ఆ తర్వాత మళ్ళీ చూడలేదు. స్టేజీ మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు అదే నాకు కలిసొచ్చింది.

మార్చి 11
ఈమధ్య టీ సగం కప్పే ఇస్తోంది. ఇంత పిసినారివి ఎప్పుడయ్యావే అని వెక్కిరించాను. ఎక్కువ టీ ఒంటికి మంచిది కాదంది. డాక్టరమ్మ బయల్దేరింది.

మార్చి 19
రిహార్సల్. వాచీ మూడుసార్లు కింద పడింది. బకిల్ బిగుసుకుపోయిందని సెట్ సామాను చూసే ప్రాపర్టీస్ ఆయన మీద ఎగిరాను. పాపం ఆయనే సారీ చెప్పి ఇంకోటి తెచ్చాడు. బకిల్ శుభ్రంగా ఉంది. సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఈ చేతులు పోతే నేనెవర్ని? బస్సులో జనం లేచి సీటివ్వాల్సిన ముసలాయన్ని, అంతే.

మార్చి 20
నిద్ర లేదు.

మార్చి 27
షూటింగ్. ఎడమ చేత్తో ఎర్ర రుమాలు ఆడించాను, కుడి చేత్తో వాచీ లాగేశాను. వచ్చింది. చేయి మాత్రం బాగా వణికింది. నా పనైపోయింది రా నాయనా అనుకున్నాను.

డైరెక్టర్ మానిటర్ చూసి తల పట్టుకున్నాడు. ఫ్రేములో రుమాలు తప్ప ఏమీ లేదు! కెమెరామన్ నా ఎడమ చేతి వెంట వెళ్ళిపోయాడు. రెండో టేక్, మళ్ళీ రుమాలే. ఏడు టేకులు. తెలిసి తెలిసీ మోసపోతున్నాను సార్ అని కెమెరామన్ ఏడుపొక్కటే తక్కువ. యూనిట్ అంతా పడీపడీ నవ్వారు. చివరికి డైరెక్టర్ అదే ఓకే చేశాడు, జనం కూడా ఇలాగే మోసపోతారని. చప్పట్లు కొట్టారు.

బతికిపోయాను.

ఏప్రిల్ 3, ఉదయం
పార్ట్ త్రీ అగ్రిమెంట్ వచ్చింది. ఎడమ చేత్తో పేపరు ఊపుతూ కబుర్లు చెబుతూ కుడి చేత్తో సంతకం పెట్టబోయాను. మా ఆవిడ కిటికీ వైపు చూస్తూనే నా చేతిలోంచి పెన్ను తీసేసుకుంది. నిండా పోస్తే ఒలుకుతుందనే సగం కప్పు ఇస్తున్నానంది. ఎప్పుడు చూశావన్నాను. చూడలేదంది. సాసర్ మీద కప్పు టకటకలాడుతుంటే వినపడదా అంది. నువ్వే చూడొద్దన్నావుగా అని కూడా అంది.



ఏప్రిల్ 3, సాయంత్రం
చేయి బల్ల మీద పెట్టాను. చూడమన్నాను. చూసింది.