పెరుగన్నం లేని ప్రయాణం

సుభద్రా,

మనల్నీ మన కుక్క రాజునీ కార్లో రామాపురం సముద్రానికి తీసుకెళ్తానని మీ అన్నయ్య శేషగిరి మాటిచ్చి ఇరవై ఏళ్లయింది. బయల్దేరిన రోజు, ప్రయాణం బాగా సాగాలని నువ్వు రాజుకి కూడా పెరుగన్నం పెట్టావు. తెనాలి దాటకముందే అది కొత్త సీటు మీద కక్కింది. శేషగిరి దాన్ని రోడ్డు మీదికి ఈడ్చి, జాకీ రాడ్డుతో తల పగిలి చచ్చేదాకా కొట్టాడు. అడ్డం వెళ్లిన నీ మణికట్టు విరిగింది.

రేపు అద్దె కార్లో బాపట్ల మీదుగా నేను అక్కడికే వెళ్తున్నాను. నువ్వు పోయాక వచ్చిన ఈ కుక్క పేరూ రాజే. సీటు మీద పరచడానికి గోనెసంచి, నీళ్ల సీసా, గొలుసు సర్దాను. తిండి మాత్రం పెట్టలేదు. ఖాళీ గిన్నెని దొర్లిస్తోంది.

సాయంత్రం శేషగిరి వచ్చాడు.

"ఏంటి బావగారూ, కుక్క కోసం కారు మాట్లాడారంటగా! దొరగారిది ముందు సీటా, వెనక సీటా?" అని నవ్వి, దాని డొక్కలో తన్నాడు.

చేతికర్రతో అతని మోకాలి మీద కొట్టాను. పడ్డాక మళ్లీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

"మా చెల్లాయి ఉంటే ఇలా కొట్టేవారాండీ?" అని ఏడ్చాడు.

"కొట్టేవాణ్ణి కాదు" అన్నాను.

నిజమే. ఆ రోజు ఇంటికి తిరిగొచ్చాక, రాజుని ఇంకా పూడ్చకముందే, విరిగిన చేతిని కొంగులో దాచుకుని, ఎడంచేత్తో అతనికి కాఫీ కలిపిచ్చావు. "మా అన్నయ్యే కదండీ, ఊరుకోండి" అన్నావు. అతను తాగి, పంచదార చాల్లేదన్నాడు. ఈ కర్ర అప్పుడూ ఇంట్లో ఓ మూలనే ఉంది. నేను ఊరుకున్నాను.

ఇవాళ అతని కాలు విరగ్గొట్టినా, నా కోపం ఇంకా నీ మీదే, సుభద్రా.