మూతపడ్డ మిల్లు వాళ్ళ పించను

చిలకలూరిపేట

తమ్ముడు నాగూర్‌మీరాకు, అక్క ఇక్కడ బాగానే ఉంది.

పత్తి జిన్నింగు మిల్లులన్నీ కలిసి పెట్టిన పించను నిధి అడుగంటిందని తెలిసి, నన్ను పర్చూరులో మీ ఇంటికి తీసుకుపోతానన్నావు. ఇక అక్కర్లేదు. ఆ నిధిని నిలబెట్టడానికి కొత్త చట్టం వచ్చింది. నిన్న యూనియన్ ఆఫీసులో కోటయ్య మేస్త్రి దాన్ని చదువుతుంటే, ఇంకా నడుస్తున్న మిల్లులో పనిచేసిన బుల్లయ్య లేచాడు. "మూతపడ్డ మిల్లు వాళ్ళకి మా మిల్లు కట్టిన డబ్బు దేనికండీ?" అన్నాడు. మాది మూతపడ్డ మిల్లే కదా, నాకు ఒళ్ళు మండింది.

"ఏరా, నీ పెళ్ళికి నువ్వు సెలవు పెడితే నీ మిషనుకు పత్తి అందించింది మా మిల్లు మనిషి కాదట్రా?" అన్నాను. అందరూ నవ్వారు. కోటయ్య మిగతాది చదివాడు. తక్కువపడింది ప్రభుత్వమే పూడుస్తుందట, ఎవరి పించనూ తగ్గదట.

"ఆ ముక్క ముందు చదివితే నాకీ తిట్లు తప్పేవిగా!" అన్నాడు బుల్లయ్య. బయటికొచ్చాక నాకు టీ ఇప్పించాడు.

మీ మిరపకు బొబ్బర తెగులు తగ్గిందా? నా కోసం ఖాళీ చేయించిన గది మళ్ళీ నా మేనకోడలు నగ్మాకే ఇవ్వు, చదువుకుంటుంది. ముందుగా పంపిన నా మంచం ఇటు వచ్చే పత్తి లారీలో వేయించు. అప్పటిదాకా నేల మీదే పడుకుంటాను. నిద్ర బాగానే పడుతోంది.

మరదలికి, పిల్లలకు దీవెనలు.

అక్క కాశింబీ