మామిడి కొమ్మ మీద ఆర్కిడ్

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కరోనా అని సూరత్‌లో మన గల్లీకి వెదురు బొంగులు అడ్డం కట్టారు. పదకొండు రోజులుగా నేనూ మన బిడ్డ సుజాతా గది దాటలేదు.

బొంగులకు అవతల మామిడిచెట్టు ఉంది కదా, పొద్దున దాని మీదికి ఒకాయన ఎక్కాడు. కరెంటు తీగలకు తగిలే కొమ్మను నరకబోతుంటే సుజాత కిటికీ దగ్గర అరిచింది.

"అమ్మా, గా కొమ్మ మీద జూడు! నాయిన ఆర్కిడ్!"

సాంచాల మీద బట్ట నేసే పనికి సెలవు దొరికినప్పుడల్లా మమ్మల్ని డాంగ్ అడవికి తీసుకుపోయి, మెడలు నొప్పి పుట్టేదాకా ఈ పువ్వు కోసం చెట్లలో వెతికించేవాడివి. నువ్వు చెప్పిన గోధుమరంగు గళ్ల రేకులది, అదే. ఒక్కసారీ పువ్వుతో దొరకలేదు.

"కొట్టకు అన్నా!" అని కేకేశాను. ఆయనకు తెలుగు రాదు. సుజాత గుజరాతీలో బతిమాలింది. ఆయన కత్తి ఆపి, మాస్కు కిందికి లాగి, పువ్వును వాసన చూసి ఏదో అన్నాడు.

"ఏమంటుండు?"

"మస్తు వాసనొస్తుందట అమ్మా. కొసలే కొడ్తడట, పువ్వు జోలికి పోడట."

ఆ వాసన ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నీకెంత ఆశ! కిటికీ కమ్మీలకు ముఖం ఆనించి గట్టిగా పీల్చాను. గల్లీలో చల్లిన మందు వాసనే వచ్చింది.