మట్టికుప్పలో తవ్విన పరీక్ష గుంట

గనిభూముల పునరుద్ధరణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పూడ్చిన గని మీద మా అక్కకు కౌలుకిచ్చిన మూడెకరాల్లో లూసర్న్ పశుగ్రాసానికి స్ప్రింక్లర్ నీళ్ళ పట్టిక మార్చుట గురించి, మరియు సదరు గడ్డిని ఆమె ఎండబెట్టినదన్న నోటీసు రద్దు చేయుట గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాడిని. తమ కార్యాలయం వారు ఎంతవరకు చదివారో తెలియదు గానీ, జానెడు మట్టికీ నాలుగడుగుల మట్టికీ తేడా కనిపెట్టేంత చదవలేదని దిగువ అంశముల వలన తమకే తెలియగలదు.

1. సదరు భూమి మొదట మా అక్కదే. గని కోసం తీసుకున్నారు, తవ్వుకున్నారు, రాళ్ళతో పూడ్చారు, పైన జానెడు మట్టి పరిచి ఆమెది ఆమెకే కౌలుకిచ్చారు. అందుకు ఆమె తమరికి దండం పెట్టింది. నేను పెట్టలేదు.

2. పరచక ముందు ఆ మట్టంతా గేటు పక్కన కుప్పగా ఉండేది. మేము కొలతల సారు అని పిలుచుకునే తమ ఇంజనీరు గారు భూపరీక్షకు వచ్చి, కారు దిగిన చోటే, ఆ కుప్పలోనే గుంట తవ్వించి, "నాలుగడుగుల లోతు వరకు మేలైన మట్టి" అని మొత్తం భూమికి రాసుకుపోయారు. బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి, ఇంటి నేలంతా బియ్యమే అని రాసినట్టు.

3. దానిని బట్టి పన్నెండు రోజులకొకసారి ఎనిమిది గంటలు నీళ్ళు వదలవలెనని పట్టిక. వాల్వుకు తాళం. తాళంచెవి కాపలాదారు మొలలో. మొదటి గంట నీళ్ళు మట్టికి, మిగతా ఏడు గంటలవీ రాళ్ళ సందుల్లోంచి పాతాళానికి. నాలుగో రోజుకు మొలక వాడుతుంది, ఎనిమిదో రోజుకు నలిపితే పొడి. రోజు విడిచి రోజు గంటసేపు వదిలితే చాలును. ఈ లెక్క మా అక్క చెప్పింది. ఆమె బడి మొహం చూడలేదు.

4. కొలతల సారు మళ్ళీ వచ్చినప్పుడు గడ్డపార చేతికిచ్చాను.

"సారూ, మీకు నచ్చిన చోట ఒక్క పోటు వెయ్యండి. జానెడు దాటి దిగితే నా చెవి కోసిస్తా."

"రిపోర్టు వెళ్ళిపోయిందయ్యా. ఇప్పుడు తవ్వి ఏం లాభం?"

"రిపోర్టు వెళ్ళాక మట్టి పెరిగిందేమో చూద్దాం సారూ."

"ఒరేయ్, నువ్వు కాసేపు నోరు మూసుకో" అంది అక్క. "సారుకి కోపమొస్తే ఉన్న జానెడూ పోతుంది."

5. ఇది నా నేరం. గత నెల తమరు తనిఖీకి వస్తున్నారని తెలిసి, నర్సరీలో నీడకు కట్టే పచ్చ నెట్టు తెచ్చి పొలం ఆ చివర పరిచి రాళ్ళు పెట్టాను. తమరు దగ్గరికొస్తారు, కాలికి నెట్టు తగులుతుంది, నన్ను నాలుగు తిడతారు, తిడుతూ తిడుతూ నేలను చూస్తారు. అదీ నా పథకం. తమరు జీపు దిగలేదు. అద్దమైనా దించలేదు. "పచ్చిక పెరుగుదల సంతృప్తికరం" అని రిజిస్టరులో రాసి వెళ్ళారు. నలభై ఏడేళ్ళలో చాలామందిని వెర్రివాళ్ళను చేశాను గానీ, ఇంత తేలిగ్గా ఎవరూ దొరకలేదు.

6. ఆ రాతే ఇప్పుడు మా అక్క మెడకు చుట్టుకున్నది. తమరు వెళ్ళాక నెట్టు నేనే తీసేశాను. పదిహేను రోజులకు తమ గుమాస్తా వచ్చి బోడి నేల చూశారు. సంతృప్తికరముగా పెరిగిన గడ్డిని నిర్లక్ష్యముతో ఎండబెట్టినందున కౌలు ఏల రద్దు చేయరాదని నోటీసు. అది నేనే చదివి వినిపించాను. నెట్టు సంగతీ అప్పుడే చెప్పాను. ఆమె లేచి వెళ్ళి ఆరు ఆవులకూ కుడితి పెట్టింది. నాలుగు తిట్టి ఉంటే నాకు ఈ అర్జీ రాసే పని ఉండేది కాదు.

కావున తమరు రిజిస్టరులో గడ్డి అని ఉన్నచోట నెట్టు అని దిద్ది, పొలం నడుమ గుంట తవ్వించి, పట్టిక మార్చి, కౌలు ఆమెకే ఉంచవలెను. శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయవలెను. ఈ ఒక్కసారికి నేల మీద నిలబడి చిత్తగించవలెను.

ఈ అర్జీ మేరకు తమ విధేయుడు,
కౌలుదారు తమ్ముడు

మరొక మనవి: ఇదంతా అక్కకు చదివి వినిపించాను. "ఇంత పొగరుగా రాస్తే ఎవరు చూస్తార్రా? తప్పయిందని ఒక్క ముక్క రాయి. లేకపోతే వేలిముద్ర వెయ్యను" అంది. బొటనవేలికి ఇంకు పూసుకుని పక్కనే కూర్చుంది. ఆమెకు చదవడం రాదు. ఇక్కడ నేను ఏది రాసి ఏది చదివినా నమ్ముతుంది. అయినా అదే రాస్తున్నాను. తప్పయింది. క్షమించండి.