అంచులో మడిచిన గుడ్డ

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. నీ కొత్త బట్టల దుకాణంలో దర్జీలందరికీ నన్ను పెద్దను చేస్తానన్నావు. "ఇంకెన్నాళ్లు ఆ ఇరుకు గదిలో మిషను తొక్కుతావురా? నీ పనితనానికి ఈపాటికి ఎక్కడో ఉండాల్సినవాడివి" అని రాశావు. ఎక్కడో అంటే ఎక్కడన్నయ్యా? ప్రేమతోనే అన్నావని తెలుసు. కానీ రాలేను. పాపను చూపించే ఆసుపత్రి ఈ వీధి చివరే ఉంది.

పిల్లల బట్టలకు లోపల గుడ్డ ఎక్కువ వదలాలని, ఎదిగినప్పుడు విప్పి వదులు చేయవచ్చని నాకు నేర్పింది నువ్వే. పాపకు జబ్బు చేశాక ఆ కుట్టు విప్పే పనే పడలేదు. నెలనెలా గౌను పక్కలు ఇంకాస్త లోపలికి పట్టి కుడుతూ వచ్చాను. నిన్న కూడా గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని కూర్చున్నాను. గౌను తొడిగి చూస్తే ఎక్కడా వదులు లేదు.

"ఏంటి నాన్నా, ఈసారి సూదులు పెట్టవా? మర్చిపోయావా?" అని నవ్వింది.

"అక్కర్లేదమ్మా" అన్నాను. సూదులన్నీ తిరిగి డబ్బాలో పెట్టేశాను.

దుకాణం తెరిచిన రోజు నీకెలా ఉందో, నిన్న నాకలా ఉంది. డాక్టరు మాత్రం ఆశ పెట్టుకోవద్దనే అంటున్నాడు.

ఇవాళ పాపకు కొత్త గౌను కత్తిరించాను. కింది అంచులో జానెడు గుడ్డ లోపలికి మడిచి కుట్టాను. వదిన వచ్చినప్పుడు చూసి, అంత ఎందుకు వదిలావని అడుగుతుందేమో. అడగొద్దని చెప్పు.

నీ తమ్ముడు