నవల చదువుతూ పోసిన టీ

నవంబరు 3, సోమవారం
బడికి సెలవులు. లెక్కల టీచర్ బురుల్చా, అంటే నేను, ఈ వారం ఎవరికీ దొరకదు. తీర్మానం: రోజుకో సినిమా, నలభై పేజీల నవల, నిఘంటువులోంచి ఎవరూ వాడని మాట ఒకటి.

ఉదయం: నవల మొదలు. రైళ్లు ఆగిపోయిన స్టేషనుకు ఒక ముసలాయన రోజూ వచ్చి టిక్కెట్టు కొంటాడు. ఎందుకో చెప్పడు. ప్రాణం లాగేస్తోంది.

సాయంత్రం: సినిమా. తృప్తిగా ఏడ్చాను.

మాట: బుర్గానక్. గాలికి నేల మీద పొడిపొడిగా లేచే మంచు. కుబాత్‌కు చెప్పాను. "వాకిట్లో అదే పేరుకుంది, పార తీసుకో" అన్నాడు. మొగుళ్లకు సాహిత్యం ఎక్కదు.

మంగళవారం
అరవై పేజీలు! ఇలాగైతే శనివారానికి రెండో నవల కూడా మొదలుపెట్టొచ్చు.

మధ్యాహ్నం ఫోను. కుబాత్ మేనత్త సైరకన్ అత్తయ్య పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి వస్తున్నారట, కొండమీది ఊరి నుంచి. రెండు మూడు రోజులేనట. పరవాలేదు. ఇవాళ్టి సినిమా రేపు కలిపి చూస్తాను.

బుధవారం
అత్తయ్య వచ్చారు. ఆవిణ్ణి చూడ్డానికి చుట్టాలంతా వచ్చారు. పిండి కలిపాను, బోర్సోక్ ఉండలు వేయించాను, మళ్లీ కలిపాను.

పేజీలు: మూడు. అవీ నూనె కాగేలోపు.
సినిమా: అత్తయ్యతో కలిసి పెట్టాను. "ఈ పిల్ల ఎవరి కూతురు? ఇంత చలిలో తలకు గుడ్డేదీ?" అని అడుగుతూనే ఉన్నారు. ఆపేశాను.
మాట: ఓపిక లేదు.

గురువారం
కొంప మునిగింది.

టీ పోయడానికి కోడలే కూర్చోవాలి కదా, కూర్చున్నాను. నవల ఒళ్లో, బల్లగుడ్డ కింద. ముసలాయన టిక్కెట్టు కౌంటరమ్మాయి ముందు పెట్టి ఏదో చెప్పబోతున్నాడు. అక్కడ చెయ్యి అదుపు తప్పింది. అత్తయ్య టీ గిన్నె అంచుదాకా నింపేశాను.

గుక్కెడు గుక్కెడుగా మళ్లీ మళ్లీ పోయడమే మా మర్యాద. నిండా పోస్తే ఇక వెళ్లిరండని అర్థం. అత్తయ్య గిన్నె వంక చూశారు. తాగి, దీవించి లేచారు. నేను పేజీ తిప్పాను.

కుబాత్ వచ్చాడు. "అత్త సంచి లేదేం?" గిన్నె సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది, చెప్పాను.

"గెంటేశావన్నమాట. మా నాన్నను ఎత్తుకుని పెంచిన మనిషిని. ఇక ఆవిడ మన గడప తొక్కదు బురుల్."

ఇంటి చెప్పులతోనే టాక్సీల దగ్గరికి పరుగెత్తాను. నాలుగో మనిషి దొరికితేగాని బండి కదలదు. అత్తయ్య వెనక సీట్లో కూర్చుని ఉన్నారు. పక్కన ఖాళీగా ఉంటే ఎక్కి అంతా చెప్పేశాను.

"ఏముందమ్మా ఆ పుస్తకంలో, నన్ను సాగనంపేంత?"

చెప్పాను. స్టేషను, ముసలాయన, టిక్కెట్టు. ముందు సీటు ఆయన కూడా వెనక్కి తిరిగి విన్నాడు. ఇంతలో నాలుగో మనిషి రానే వచ్చాడు. డ్రైవరు నన్ను దిగమన్నాడు.

"ఇంతకీ టిక్కెట్టు ఎందుకు కొంటున్నట్టు?" అన్నారు అత్తయ్య.

"ఇంకా అక్కడిదాకా రాలేదు అత్తయ్యా."

"అయితే నా సంచి దించు. ఇది తేలకుండా నాకు నిద్రెక్కడ పడుతుంది?"

డ్రైవరు మమ్మల్ని తిట్టిన మాటలు ఏ నిఘంటువులోనూ లేవు.

శనివారం
రెండు రోజులుగా పైకి చదువుతున్నాను. అత్తయ్య ప్రతి వాక్యానికీ అడ్డొస్తున్నారు. ముసలాయనకు కోడలుందా, టీ ఎవరు పోస్తారు. నాలుగు పేజీలు కదిలాయి. సినిమాలకు సెలవు. పంటి డాక్టరు పని ఎప్పుడో అయిపోయింది, అత్తయ్య మాత్రం కదలడం లేదు. నా వారం మంటగలిసింది, ఏడుపు మాత్రం రావడం లేదు.

ఆదివారం
"మొదటి నుంచి చదువమ్మా" అన్నారు. "నువ్వు బండిలో చెప్పింది నీ మాటల్లో. ఆ రాసినాయన మాటల్లో వినాలి."

"మొదటి నుంచా? రేపు బడి అత్తయ్యా."

"తమ్ముళ్లకూ పిల్లలకూ మనవలకూ కథలు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. కూర్చోబెట్టి నాకు కథ చెప్పినవాళ్లు ఈ డెబ్బై ఏళ్లలో ఒక్కరూ లేరు."

మొదటి పేజీ తీశాను. ముసలాయన స్టేషను మెట్లెక్కేసరికి అత్తయ్య కునుకు తీశారు. దిండు సర్దాను. నిన్న ఆగిన చోటి నుంచి ఇంకో పది పేజీల్లో టిక్కెట్టు సంగతి తేలిపోతుంది. వేళ్లు ఊరుకోవడం లేదు.

పుస్తకం మూసేశాను.

కొత్త తీర్మానం, రేపటి నుంచి: రోజుకు ఐదు పేజీలు. పైకి. అత్తయ్య మేలుకుని ఉంటేనే.